ఇంట్లో అద్దం పని: ఏ గాజు ఎక్కడ వాడాలి, ఏ పని మనం చేసుకోవాలి

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా ఇల్లు నలభై ఏళ్ల నాటిది. టేకు కిటికీలు, వాటికి సన్నటి చెక్క బద్దలు కొట్టి నిలబెట్టిన అద్దాలు. మూడేళ్ల క్రితం వేసవిలో పడమటి గది కిటికీకి పగిలిన అద్దాన్ని నేనే మార్చాలనుకున్నాను. కొత్త అద్దం కోయించి తెచ్చాను. కొలత సరిపోయింది, బిగింపు చక్కగా కుదిరింది. గాయమైంది మాత్రం అంతకంటే ముందే, పాత ముక్కలను చట్రంలోంచి లాగేటప్పుడు. పై మూలలో పట్టుకుని ఉన్న ఒక ముక్క జారి ఎడమ ముంజేతి మీద పడింది. ఏడు కుట్లు పడ్డాయి. స్నాయువు తెగలేదు కాబట్టి చెయ్యి చెయ్యిగా మిగిలింది.

అప్పటి నుంచి మా వీధిలో ఎవరు అద్దం పని పెట్టుకున్నా నన్ను అడుగుతున్నారు. "అన్నా, కిటికీకి ఎన్ని మిల్లీమీటర్లు వేయించాలి? చదరపు అడుగు ఎంత?" అని మొదలుపెడతారు. మందం, ధర తర్వాత చూద్దాం, ఆ అద్దం పగిలిన రోజు దాని కింద, దాని పక్కన ఎవరుంటారో ముందు చెప్పమని నేను అడుగుతాను. ఆ జవాబు దొరికితే ఏ గాజు కొనాలో సగం తేలిపోతుంది. మిగతా సగం, ఆ పనిలో ఏ భాగం మన చేతికి, ఏ భాగం దుకాణం చేతికి అన్నది.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది పగిలే తీరు. ఒక రకం గాజు పొడవాటి కత్తుల్లా చీలుతుంది, ఒకటి పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది, ఒకటి పగిలినా ఉన్నచోటే అతుక్కుని ఉంటుంది. ఇంట్లో మనిషి ఒళ్లు అద్దానికి తగిలే చోట్లు కొన్నే ఉంటాయి: తలుపులు, తలుపు పక్కనే నేల దాకా దిగిన అద్దాలు, స్నానాల గది, మెట్ల పక్క, భోజనాల బల్ల, నడుము ఎత్తుకంటే కిందికి ఉన్న కిటికీ. తల మీద ఉండే గాజు వీటన్నిటికంటే పెద్ద లెక్క.

రెండోది బరువు. దీనికి తేలికైన సూత్రం ఉంది: చదరపు మీటరు గాజు ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. నాలుగడుగులు, మూడడుగుల కిటికీకి 5 మి.మీ. అద్దం వేస్తే దాదాపు 14 కిలోలు. ఐదడుగులు, మూడడుగుల బల్ల మీదికి 12 మి.మీ. గాజు వేస్తే దాదాపు 42 కిలోలు. ఈ రెండో దాన్ని ఒక్కరు ఎత్తకూడదు. కొనకముందే ఈ లెక్క వేసుకుంటే ఎంతమందిని పిలవాలో తెలుస్తుంది.

మూడోది మన ఎండ. మే నెలలో నెల్లూరు, ఒంగోలు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పడమటి కిటికీ మీద మధ్యాహ్నం ఎండ పడితే అద్దం నడిమి భాగం కాగుతుంది, చట్రంలో దాగిన అంచు మాత్రం చల్లగా ఉంటుంది. ఈ తేడా ఎక్కువైతే సాదా అద్దం అంచు నుంచి చీలిపోతుంది. ముదురు రంగు ఫిల్మ్ అతికించిన అద్దాలకు, సగం పరదా పడి సగం ఎండలో ఉన్న అద్దాలకు ఈ చీలిక త్వరగా వస్తుంది. ఎవరూ రాయి వేయకుండానే అద్దం పగిలిందని మన ఇళ్లలో ఆశ్చర్యపోయే సందర్భాల్లో కారణం చాలాసార్లు ఇదే. గరుకుగా వదిలేసిన అంచు ఉంటే ఇంకా తేలిక, చీలిక మొదలయ్యేది ఆ గంట్ల దగ్గరే.

తీరాన ఉన్నవారికి ఉప్పు గాలి మరో లెక్క. గాజుకు అది చేసే హాని తక్కువ. పట్టుకునే మేకులను, బిగింపులను, ముఖం చూసుకునే అద్దం వెనక వెండి పూతను తింటుంది.

ఇక మిగిలినవి రెండు: తెచ్చాక కొలత తేడా వస్తే మళ్లీ కోయగలమా, ధర ఎంత. ధరలు వారానికోలా మారతాయి కాబట్టి అంకెలు ఇవ్వను. వరుస మాత్రం మారదు. సాదా గాజు చవక, కాచి గట్టిపరచిన టఫెన్డ్ అంతకంటే ఎక్కువ, రెండు పలకలను మధ్య పొరతో అతికించిన లామినేటెడ్ సాధారణంగా ఇంకా ఎక్కువ.

| రకం | పగిలితే | ఇంట్లో కోయవచ్చా | చదరపు మీటరుకు 5 మి.మీ. బరువు | నప్పే చోటు |
|---|---|---|---|---|
| సాదా గాజు | పొడవాటి పదునైన ముక్కలు | కోయవచ్చు | 12.5 కిలోలు | చిన్న కిటికీ గళ్లు, ఫొటో ఫ్రేములు |
| పిన్‌హెడ్ వంటి నగిషీ గాజు | సాదా గాజులాగే | నున్నటి వైపు నుంచి | దాదాపు అంతే | చేతికి, ఒంటికి తగలని ఎత్తులో వెంటిలేటర్లు |
| టఫెన్డ్ | చిన్న పలుకులు | అసలు కోయకూడదు | 12.5 కిలోలు | తలుపులు, స్నానాల గది, బల్లలు |
| లామినేటెడ్ | పగిలినా అతుక్కుని ఉంటుంది | దుకాణంలోనే | దాదాపు 12.5 కిలోలు | తల మీద, బాల్కనీ, పిల్లల గది |
| యాక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) | పెద్ద ముక్కలు, గాజంత పదును ఉండదు | తేలిక | దాదాపు 6 కిలోలు | ఫ్రేములు, అలమర తలుపులు |
| పాలికార్బొనేట్ (దెబ్బకు ఓర్చే గట్టి ప్లాస్టిక్) | పగలడమే అరుదు | తేలిక | దాదాపు 6 కిలోలు | పైకప్పు, బంతి తగిలే చోట్లు |

## సాదా గాజు: చవక, కోతకు లొంగుతుంది, ఒంటికి దూరంగా ఉంచాలి

గూడూరు, చిల్లకూరు, కోట తీరపు తెల్లటి సిలికా ఇసుక గాజు కర్మాగారాలకు వెళుతుందని మన ప్రాంతంలో చాలామందికి తెలుసు. కిటికీ గాజులో నూటికి డెబ్బై పాళ్లకు పైగా ఆ సిలికాయే. కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలించి పలకగా మార్చే పద్ధతిని ఇంగ్లండ్‌లో పిల్కింగ్‌టన్ సంస్థ 1959లో లోకానికి చూపింది. ఇప్పుడు మనం కొనే సాదా అద్దం అలా తయారైనదే.

దీని గొప్పతనం కోతకు లొంగడం. ఇంట్లో పని నేర్చుకునేవారు చేతికి తీసుకోవలసిన గాజు ఇదొక్కటే. చిన్న గళ్ల కిటికీలకు 4 మి.మీ., ఫొటో ఫ్రేములకు 2 లేదా 3 మి.మీ. చాలు. గది లోపల మనుషులు తిరిగే ఎత్తులో పెద్ద పలకగా మాత్రం దీన్ని పెట్టవద్దు. పడిపోతూ చెయ్యి ఆనించిన మనిషిని అది కోస్తుంది.

పాత అద్దాన్ని తీసి, కాస్త చిన్నది చేసి, మరో చోట వాడదామనే ఆలోచన పొదుపరులందరికీ వస్తుంది. ఏళ్ల తరబడి ఎండకు, వానకు, దుమ్ముకు నిలిచిన అద్దం మీద కంటికి కనిపించని గీతలు ఉంటాయి. కట్టర్ గీసిన గీతను వదిలి చీలిక ఆ పాత గీతల వెంట పోతుంది. పాత అద్దం కోత చెయ్యి తిరిగినవారికే వదలాలి.

నగిషీ గాజు గురించి ఒక్కటే చెబుతాను. మన స్నానాల గదుల వెంటిలేటర్లలో వంపుగా పేర్చిన గాజు బద్దలు ఉంటాయి కదా, వాటి అంచులు చాలా ఇళ్లలో రుద్దకుండానే ఉంటాయి. పండగ ముందు దుమ్ము తుడిచేటప్పుడు వేళ్లు తెగేది అక్కడే. కొత్తవి వేయించేటప్పుడు నాలుగు అంచులూ పాలిష్ చేయించండి. ఖర్చు కొంచెమే.

## టఫెన్డ్: బలం నిజమే, ముద్ర చూసి నమ్మాలి

సాదా గాజును 620 డిగ్రీలు దాటించి కాచి, రెండు వైపులా గాలి ఊది ఒక్కసారిగా చల్లారిస్తే పైపొర బిగుసుకుంటుంది, లోపలి పొర లాగుతూ ఉంటుంది. ఆ బిగువే దీని బలం. అదే మందం ఉన్న సాదా గాజు కంటే నాలుగైదు రెట్లు దెబ్బ తట్టుకుంటుంది. ఎండ వేడి తేడాలను కూడా బాగా ఓర్చుకుంటుంది కాబట్టి పడమటి కిటికీకి మంచి ఎంపిక.

ఆ బిగువు ఎక్కడ తెగినా పలక మొత్తం ఒకేసారి పలుకులుగా విడిపోతుంది. అందువల్ల కాల్చిన తర్వాత కోయడం, తూటు వేయడం, అంచు అరగదీయడం కుదరదు. గొళ్లెం తూటుతో సహా అన్నీ కొలిమికి పోకముందే జరగాలి. కొలతలో తప్పు దొర్లితే డబ్బు పోయినట్టే. దుకాణం వారు కొలిమి ఉన్న కర్మాగారానికి పంపి తెప్పిస్తారు, రోజులు పడుతుంది. రేపు గృహప్రవేశం పెట్టుకుని ఈరోజు అడిగితే వచ్చేది కాదు.

దీని బలహీనత మూలల్లో, అంచుల్లో ఉంది. నడిమిన గుద్దితే చెదరని పలక, మూల గ్రానైట్ గట్టుకు తగిలితే పొడి అవుతుంది. నిలబెట్టేటప్పుడు కింద చెక్క గాని రబ్బరు గాని ఉండాలి. తయారీలో చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువుల వల్ల ఏ దెబ్బా లేకుండా పగిలిపోవడం కూడా అరుదుగా జరుగుతుంది. పలుకులు ఒక్కోసారి గుంపుగా అతుక్కుని పడతాయి. ఎత్తు నుంచి పడితే ఆ ముద్ద బరువుకే దెబ్బ తగులుతుంది. తల మీద టఫెన్డ్ ఒక్కటే చాలదనడానికి కారణం ఇదే.

మా అక్క ఇల్లు కొత్తపట్నంలో. స్నానాల గది అడ్డు అద్దానికి టఫెన్డ్ డబ్బే ఇచ్చింది. ఏడాదిన్నరకు పగిలినప్పుడు చూస్తే పొడవాటి ముక్కలు, సాదా గాజు. ఆ సమయంలో లోపల ఎవరూ లేరు. ఒకదానికి బదులు మరొకటి అంటగట్టడం మనిషి ప్రాణంతో చేసే మోసం, ఈ మాట నేను మెత్తగా చెప్పలేను. కాబట్టి కొనేవారే చూసుకోవాలి. టఫెన్డ్ పలక మూలలో గోటితో గీకినా పోని చిన్న ముద్ర ఉండాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 సంఖ్య, ఐఎస్ఐ గుర్తు ఉన్నది అడగండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని పగటి వెలుతురులో పక్కవాటంగా చూస్తే టఫెన్డ్ గాజు మీద మచ్చలు గాని చారలు గాని కనిపిస్తాయి. బిల్లు మీద కూడా టఫెన్డ్ అని రాయించుకోండి.

## లామినేటెడ్: పగిలినా వదలని గాజు

రెండు పలకల మధ్య పీవీబీ అనే సాగే పొర పెట్టి, వేడితో ఒత్తిడితో అతికించినది ఇది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వార్ బెనెడిక్టస్ చేతిలోంచి ఒక సీసా కింద పడి, లోపల ఎండిన పూత ఉండటంతో పగిలినా విడిపోలేదట. ఆ ఆలోచన నుంచే 1909లో పేటెంట్ వచ్చింది. మన కార్ల ముందు అద్దం ఈ జాతిదే.

తల మీద గాజు, బాల్కనీ అడ్డు, మెట్ల పక్క, పిల్లలు పడుకునే మంచం పక్క కిటికీ, ఈ నాలుగింటికి ఇదే నా ఓటు. టఫెన్డ్ పగిలితే ఆ చోటు ఖాళీ అవుతుంది, పిల్లవాడు బాల్కనీ అడ్డుకు ఆనుకుని ఉంటే ఆ ఖాళీయే ప్రమాదం. లామినేటెడ్ సాలెగూడులా చిట్లినా చట్రంలో నిలుస్తుంది. దొంగకు కూడా అది శ్రమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది కాబట్టి పడమటి గదిలో పరుపులు, పుస్తకాలు త్వరగా వెలవవు.

తీర గ్రామాల వారికి తుపాను లెక్క ఉంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గాలివాన ఎలా కొట్టిందో చూశాం. అద్దాల మీద గుణకారం గుర్తులా టేపు అతికిస్తే అవి బలపడవు, ముక్కలు పెద్దవై పడవచ్చు. గాలికి ఎగిరొచ్చిన కొమ్మ తగిలినా నిలవాలంటే లామినేటెడ్ కావాలి, చట్రం కూడా గోడను గట్టిగా పట్టుకుని ఉండాలి. ఉన్న కిటికీలకు బయటి నుంచి చెక్క తలుపులు ఉంటే అవే అన్నిటికంటే మేలు. మన పాత ఇళ్ల కిటికీలకు ఆ తలుపులు ఊరికే పెట్టలేదు.

లోపాలు రెండు. అంచుల్లోంచి తడి చేరితే పొర తెల్లబారుతుంది. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ జిగురు అంచు పొరను చెడగొడుతుంది, ఆ వాసన లేని న్యూట్రల్ సిలికాన్ వాడాలి. కోత దుకాణం పని, రెండు వైపులా గీసి మధ్య పొరను కూడా తెంచాలి.

## గాజు కాని గాజు

యాక్రిలిక్ సగం బరువే. గీసి విరవవచ్చు, సన్న పళ్ల రంపంతో కోయవచ్చు. ఫొటో ఫ్రేములు, అలమర తలుపులు, పిల్లల గదిలో బొమ్మల పెట్టెలకు నేను ధైర్యంగా సూచిస్తాను. వేడికి ఇది గాజు కంటే దాదాపు ఎనిమిది రెట్లు సాగుతుంది. మీటరు పొడవు పలక 30 డిగ్రీల తేడాకు రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ ఖాళీ వదలకుండా బిగిస్తే మే నెలలో ఉబ్బి వంగుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, అద్దాలు తుడిచే ద్రవాలు మసకబారుస్తాయి. సబ్బు నీరు, మెత్తటి గుడ్డ చాలు.

ఇది అంటుకుంటుంది. పూజ గదిలో దీపం ముందు, వంటింట్లో పొయ్యి వెనక యాక్రిలిక్ పెట్టవద్దు. ఆ రెండు చోట్లా టఫెన్డ్ వేయించండి.

పాలికార్బొనేట్ సుత్తి దెబ్బకు కూడా లొంగదు. ఎండకు పసుపెక్కకుండా ఒక వైపు పూత ఉంటుంది, బిగించేటప్పుడు ఆ వైపు ఆకాశానికి ఉండాలి. గీతలు త్వరగా పడతాయి కాబట్టి వీధి అందంగా కనిపించవలసిన కిటికీకి నప్పదు.

## ఇప్పుడు రెండో ఎంపిక: ఎవరి చేత

అద్దం మార్చడమంటే ఆరు పనులు: పాతది తీయడం, కొలవడం, కోయడం, తూటు వేయడం, మోయడం, బిగించడం. అందరూ కోతకు భయపడి మిగతావి తేలిక అనుకుంటారు. నా అనుభవంలో, నేను చూసిన ఇళ్లలో, గాయాలు తీయడంలో, మోయడంలో జరిగాయి.

పాతది తీయడం మనం చేసుకోవచ్చు, తొందర పడకుండా ఉంటే. గడప దాటితే చెప్పులు విడిచే అలవాటు మనది. అద్దం పని రోజు ఆ అలవాటును పక్కన పెట్టి, ఇంట్లోనైనా బూట్లు వేసుకోవాలి. చేతులకు కోత తట్టుకునే గ్లవ్స్, లేదంటే తోలువి. నూలు గ్లవ్స్ గాజును ఆపవు. నిండు చేతుల చొక్కా, కళ్లకు గాగుల్స్. పిల్లలను పక్కింటికి పంపండి. పగిలిన అద్దానికి రెండు వైపులా వెడల్పాటి టేపు అతికిస్తే ముక్కలు చెల్లాచెదురు కావు. ఆ తర్వాత నేను తప్పిన నియమం: ఎప్పుడూ పై ముక్కలు ముందు, కింది ముక్కలు తర్వాత. వేలాడే ముక్క కింద చెయ్యి పెట్టకూడదు. పలక పై భాగం చట్రంలో ఉండగానే కింద నుంచి లాగడం మొదలుపెడితే పైది కత్తిలా దిగుతుంది.

కొలవడం తప్పకుండా మనమే. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలిచి, వచ్చినవాటిలో చిన్నది తీసుకుని, ఒక్కోదానికి 3 మి.మీ. తగ్గించండి. పాత టేకు చట్రాలు మూలమట్టంగా ఉండవు. అడ్డంగా మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానం కాకపోతే అట్టతో నమూనా కత్తిరించి దుకాణానికి తీసుకుపోండి. టఫెన్డ్‌కు ఈ జాగ్రత్త రెట్టింపు.

మోయడం ఇద్దరి పని. స్కూటర్ మీద నడిపేవారికి, వెనక కూర్చున్నవారికి మధ్య అద్దం పెట్టుకుని ట్రంకు రోడ్డు మీద వెళ్లేవారిని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఒక గుంత చాలు, ఆ అద్దం ఇద్దరి మధ్య విరగడానికి. దుకాణం బండిలోనో ఆటోలోనో నిలువుగా, దుప్పటి చుట్టి తీసుకురండి. పడుకోబెట్టి మోస్తే తన బరువుకే విరుగుతుంది. గోడకు ఆనించేటప్పుడు కింద రెండు చెక్కలు వేసి కాస్త వాలుగా పెట్టాలి, బోసి సిమెంటు నేల మీద ఆనించకూడదు. సముద్రపు గాలి మధ్యాహ్నం లేస్తుంది కాబట్టి తీరపు ఇళ్లలో పెద్ద పలకలు పొద్దున్నే ఎత్తడం మంచిది. జారిపోతున్న అద్దాన్ని పట్టుకోబోవద్దు. వదిలేసి వెనక్కి తప్పుకోండి.

కోయడం నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటే నేను వద్దనను, అది చేతికి ఆనందమిచ్చే పని. మార్కాపురం పలక రాయిని పొరలు పొరలుగా విడదీస్తారు, దాని పొర ఎటు ఉంటే అటు విడుతుంది. గాజుకు పొర లేదు. మనం గీసిన గీతే దానికి దారి. దుకాణంలో తుక్కు ముక్కలు అడిగి తెచ్చుకుని వాటి మీద పదిసార్లు సాధన చేయండి. సమతలంగా ఉన్న బల్ల మీద దుప్పటి, దాని మీద శుభ్రంగా తుడిచిన 4 మి.మీ. సాదా గాజు. కట్టర్ చక్రానికి ఒక చుక్క కిరోసిన్ గాని సన్నటి నూనె గాని. అంచు నుంచి అంచు దాకా ఒకే ఒత్తిడితో ఒకే ఒక గీత. బియ్యం జల్లెడ పట్టినట్టు సన్నటి ఏకధాటి శబ్దం వస్తే గీత పడినట్టు. అదే గీత మీద రెండోసారి గీయకూడదు, కట్టర్ చెడుతుంది, చీలిక దారి తప్పుతుంది. ఆలస్యం చేయకుండా గీత కింద పెన్సిలు పెట్టి, రెండు వైపులా అరచేతులతో కిందికి నొక్కితే విడుతుంది. ముఖం పక్కకు ఉంచండి. వెంటనే తడిపిన కార్బొరండం సానరాయితో అంచు పదును తీయండి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బల్ల మీది రజను నోటితో ఊదకండి, చేత్తో తుడవకండి, తడి గుడ్డతో తీయండి.

6 మి.మీ. దాటిన గాజు, సన్నటి పట్టీలు, వంపు కోతలు, పాత అద్దాలు దుకాణానికే. తూటు వేయడం కూడా. వజ్రపు బిట్, పారే నీరు, కరెంటు డ్రిల్లు, ఈ మూడూ ఒకేచోట ఉండే పని ఇంట్లో వద్దు.

బిగించడం మన చేతికి లొంగుతుంది. కింద రెండు రబ్బరు ముక్కల మీద అద్దం కూర్చోవాలి, మేకు గాజుకు తగలకూడదు. చెక్క బద్దకు మేకు కొట్టేటప్పుడు అద్దానికీ సుత్తికీ మధ్య దళసరి అట్ట ఉంచండి. ముఖం చూసుకునే అద్దాన్ని గోడకు అతికించాలంటే న్యూట్రల్ సిలికానే, పుల్లటి వాసనది వెనక పూతను నల్లబరుస్తుంది. అతుకు ఒక్కదాన్నే నమ్మకుండా కింద ఆధారం పెట్టండి.

చేపల తొట్టి కట్టుకునేవారికి లెక్క తిరగబడుతుంది. అక్కడ పుల్లటి వాసన సిలికానే వాడతారు, బూజు మందు కలపనిది మాత్రమే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో 57 లీటర్ల నీరు పడుతుంది, అంటే 57 కిలోలు. వారం ఆరనివ్వండి, మొదటిసారి నీళ్లు పెరట్లో నింపి చూడండి.

## ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉన్నవారు అద్దాలు మార్చే ఖర్చు పెట్టుకోనక్కరలేదు. ఉన్న సాదా అద్దం లోపలి వైపు రంగు లేని సేఫ్టీ ఫిల్మ్ అతికించండి. పగలకుండా ఆపదు, పగిలిన ముక్కలను పట్టి ఉంచుతుంది. ఎండను ఆపే ముదురు ఫిల్మ్ వేరు, దాన్ని పడమటి సాదా అద్దానికి అతికించవద్దు.

చిన్నపిల్లలు, తూలి పడే వయసు పెద్దలు ఉన్న ఇంట్లో స్నానాల గది, తలుపులు మొదటి ఖర్చు. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఆ రెండు చోట్ల టఫెన్డ్ వేయించి, మిగతా కిటికీలను సాదా గాజుతో వదిలేయవచ్చు. ఇల్లంతా 8 మి.మీ. సాదా గాజు వేయించడం కంటే ఇది నూరు పాళ్లు మేలు. మందం పెరిగితే పగిలిన ముక్క బరువు కూడా పెరుగుతుంది.

పై అంతస్తుల్లో ఉన్నవారు బయటి వైపు అద్దాన్ని తామే మార్చబోవద్దు. కింద నడిచేవారికి మన నైపుణ్యంతో పనిలేదు. వారికి తగిలేది ముక్క మాత్రమే. అది మనుషులు, తాళ్లు, కింద అడ్డుకట్ట ఉన్న పనివారి చేతికి ఇవ్వాలి.

తీరాన ఇల్లు కడుతున్నవారు లామినేటెడ్‌ను కిటికీ దశలోనే అనుకోవాలి. దాని మందానికి తగ్గ గాడి చట్రంలో ముందే ఉండాలి, తర్వాత అతికితే సరిపోదు.

## తెగితే, పగిలితే

తెగినచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కంటే పైకి ఎత్తి ఉంచండి. పది నిమిషాలు గుడ్డ తీసి చూడవద్దు. కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టవద్దు. వైద్యుడు వాటిని కడిగి తీయవలసి వస్తుంది, ఆ బాధ నేను పక్క మంచం మీది మనిషిలో చూశాను. ముక్క లోపల దిగి ఉంటే లాగకండి, దాని రెండు పక్కలా నొక్కి 108కి ఫోను చేయండి. రక్తం చిమ్ముతున్నా, వేళ్లు కదలకపోయినా, మొద్దుబారినా ఆలస్యం వద్దు. ధనుర్వాతం టీకా గురించి వైద్యుడిని అడగండి.

నేల మీది ముక్కలు తీయడానికి, పెద్దవాటిని గ్లవ్స్‌తో, చిన్నవాటిని రెండు అట్టముక్కలతో, కంటికి కనపడని పలుకులను తడి పిండి ముద్దతో అద్ది తీయాలి. గదిలో దీపం ఆర్పి, టార్చి లైటును నేల మీద పడుకోబెట్టి వేస్తే మిగిలిన పలుకు మెరుస్తుంది. వాడిన చీపురు, గుడ్డ కూడా వాటితోనే పోవాలి.

ఆ ముక్కలను ప్లాస్టిక్ సంచిలో చెత్తతో కలిపి వేస్తే, ఆ సంచిని మరుసటి రోజు పొద్దున ఒట్టి చేతులతో ఎత్తేది పారిశుధ్య కార్మికురాలు. మన పనిలో మనకు తప్పిన గాయం ఆమెకు తగలకూడదు. దళసరి అట్టపెట్టెలో పాత పేపర్లు పరిచి ముక్కలు వేసి, మూత మీద టేపు అన్ని వైపులా చుట్టి, పెద్ద అక్షరాలతో "గాజు ముక్కలు" అని రాయండి. నేను గుమ్మం ముందు వదలను. బండి వచ్చేదాకా ఆగి, ఇందులో అద్దం ఉందమ్మా అని చెప్పి, చేతికి అందిస్తాను.